లేనిదాని పేరు

ధ్యాన భాగములు: ఆదికాండము 17:15–21, రోమా 4:16–21



ఆదివారపు బడిలో పిల్లలు అడుగు ప్రశ్నలలో ఒకటి పెద్దలను చిక్కులో పెట్టును. తప్పిపోయిన కుమారుని కథ చెప్పి ముగింపగానే, "అయ్యగారూ, అతని పేరేమి? ఏ ఊరివాడు? నిజముగా ఉండెనా?" అని అడుగుదురు. ఉండెనని చెప్పుటకు మనకు ఆధారము లేదు. ప్రభువు చెప్పినది ఉపమానము. ఉండలేదేమో అంటిమా, "లేనివానిని గూర్చిన మాట నిజమెట్లగును?" అని మరియొక ప్రశ్న వచ్చును. పిల్లల మాట యని దీనిని త్రోసివేయరాదు. గొప్ప తార్కికులు వెయ్యి సంవత్సరములకు పైగా దీనినే వాదించుచున్నారు. మనము ఒక పేరు పలికినప్పుడు ఆ పేరుగలది లోకములో ఉండి తీరవలెనా? లేనియెడల ఆ మాట వ్యర్థమా? ఈ నెల దీనిని మనము కలిసి యోచింతము. ఇది పండితుల ఆట మాత్రమే కాదు. సంతలో బేరమాడునప్పుడును, రోగి మంచము నొద్ద కూర్చున్నప్పుడును, బిడ్డలులేని సహోదరి గడప త్రొక్కినప్పుడును ఈ ప్రశ్న మనకు ఎదురగుచున్నది.

కుందేటి కొమ్ము

కుప్పము ప్రాంతపు సంఘములవారికి ఈ సంగతి సులువుగా బోధపడును. అక్కడ ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రముల పొలిమేరలు దగ్గర దగ్గరగా ఉన్నవి; మూడు భాషలును చెవిని పడుచుండును. ఎన్నడును దొరకనిదానిని తెలుగువారు కుందేటి కొమ్ము అందురు. తమిళులు ముయల్ కొంబు అందురు. కన్నడిగులు మొలద కొంబు అందురు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను సామెత కూడ మూడు భాషలలోను ఉన్నది. కుందేళ్లను మనమందరము చూచితిమి. కొమ్ముగల కుందేటిని ఏ వేటగాడును చూడలేదు. అయినను మూడు భాషలవారును ఆ మాట విని ఒకే భావము గ్రహించుచున్నారు. వస్తువు లేనిచో మాటకు అర్థమే లేదనుట సరియైనయెడల ఇది ఎట్లు జరుగును?

ఇంకొక చిక్కు చూడుడి. "కుందేటి కొమ్ము లేదు" అని మనము చెప్పినప్పుడు సత్యమే చెప్పుచున్నాము. అయితే దేనిని గూర్చి చెప్పితిమి? లేదని చెప్పుటకైనను అది ఏదో ఒక రీతిగా ఉండవలెను గదా అని తార్కికుడు అడుగును. అట్లనుకొంటిమా, "లేనిది ఒకటి ఉన్నది" అను వింత మాటకు వచ్చి పడుదుము.

మన దేశపు పండితులు ఈ చిక్కును చాల కాలము క్రిందటనే ఎఱుగుదురు. కుందేటి కొమ్ము, ఆకాశపుష్పము, గొడ్రాలి కొడుకు అను మూడును వారి వాదములలో మాటిమాటికి వచ్చు ఉదాహరణలు. 17వ శతాబ్దమున తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమను చిన్న గ్రంథము వ్రాసెను. నేటికిని తర్కము నేర్చుకొనువారు దానితోనే ఆరంభింతురు. అందులో దోషముగల వాదమునకు ఉదాహరణగా ఆకాశములోని తామరను చూపెను. చెరువులోని తామర సువాసన గలది, ఆకాశములోనిదియు తామరయే, కాబట్టి దానికిని సువాసన కలదని ఒకడు వాదించెననుకొనుడి. ఈ వాదమునకు నిలుచుటకు నేల లేదు, ఏలయనగా దేనిని గూర్చి వాదించుచున్నాడో అదియే లేదు. న్యాయశాస్త్రజ్ఞులు దీనిని ఆశ్రయాసిద్ధి అందురు. అంతకు ముందు ఉదయనాచార్యుడు అట్టి లేని వస్తువులను గూర్చి ప్రశ్న వచ్చినప్పుడు ఊరకుండుటయే మేలనెను. బౌద్ధ తార్కికులైతే ఒప్పుకొనలేదు. ఉన్నదని చెప్పుటకు లేని వస్తువు పనికిరాదు గాని, కాదని చెప్పుటకు పనికివచ్చునని వారు వాదించి, కుందేటి కొమ్మును తమ వాదములలో ఉదాహరణగా నిలిపిరి.

ఉన్నదను సాక్ష్యము వేరు

పడమటి దేశములలోను ఇదే తగవు పుట్టెను. ఫ్రాన్సు దేశములో రాజరికము పోయిన తరువాత, 1905లో, బెర్ట్రాండ్ రస్సెల్ అను ఆంగ్ల పండితుడు ఒక ప్రశ్న వేసెను. "ఇప్పటి ఫ్రాన్సు రాజు బట్టతలవాడు" అని యెవడైన చెప్పిన అది సత్యమా, అసత్యమా? బట్టతలవారి జాబితాలో వెదకినను, జుట్టుగలవారి జాబితాలో వెదకినను ఆ రాజు దొరకడు. రస్సెల్ చెప్పిన తీర్పు ఇది: ఆ వాక్యము లోపల "ఫ్రాన్సుకు ఇప్పుడు రాజు ఒకడున్నాడు" అను మాట దాగియున్నది, అది అసత్యము గనుక వాక్యమంతయు అసత్యమే.

అటుపిమ్మట కొందరు ఇంకొక మార్గము త్రొక్కిరి. 1956లో అమెరికాలో హెన్రీ లెనార్డ్ అనునతడు ఉనికిని గూర్చిన తర్కమును వ్రాసెను. 1960లో కారెల్ లాంబర్ట్ దీనికి ఫ్రీ లాజిక్ అను పేరు పెట్టెను. స్వేచ్ఛా తర్కమని మనము అనవచ్చును. దేనినుండి స్వేచ్ఛ? ప్రతి పేరుకును పేరుగలవాడొకడు ఉండియే తీరవలెనను నిబంధననుండి స్వేచ్ఛ.

దీని పద్ధతి కష్టమైనది కాదు. మామూలు తర్కములో "హేబెలు గొఱ్ఱెల కాపరి" అని ఒప్పుకొన్న వెంటనే "గొఱ్ఱెల కాపరి ఒకడుండెను" అని చెప్పవచ్చును. స్వేచ్ఛా తర్కము ఇక్కడ ఆగుమనును. "హేబెలు అనువాడు ఉండెను" అను సాక్ష్యమును వేరుగా తెమ్ము, అప్పుడు ముందుకు పొమ్మనును. రెండవ సాక్షి లేక తీర్పు చేయరాదను ధర్మశాస్త్ర విధివంటిదే ఇది (ద్వితీ. 19:15). పేరు ఒక సాక్షి. ఉనికి మరియొక సాక్షి. మొదటి సాక్షి వచ్చెనని రెండవవానిని పిలువకుండ విడువరాదు.

అయితే లేనిదానిని గూర్చిన మాటలు సత్యమా, అసత్యమా? ఈ పండితులలోనే మూడు పక్షములున్నవి. ఉన్నదేదో ఇట్టిదని చెప్పు సూటి మాటలన్నియు లేనిదానియెడల అసత్యములే అని ఒక పక్షము. కొన్నియైనను సత్యములు కావచ్చును, కుందేటి కొమ్ము కుందేటి కొమ్మే గదా అని రెండవ పక్షము. సత్యమును కాదు, అసత్యమును కాదు అని మూడవ పక్షము. ఈ మూడు పక్షములవారును ఒకటి మాత్రము ఒప్పుకొందురు. పేరున్నది గనుక పేరుగలది ఉన్నదనరాదు. పేరుగలది లేదు గనుక ఆ పేరుతో ఆలోచింపనే రాదనియు అనరాదు. మన నిత్యజీవమునకు కావలసినవి ఈ రెండు ముక్కలే. వీటిని ఒకదాని వెంట ఒకటి చూతము.

సంతలో మాట

మొదటిది, పేరును చూచి వస్తువు ఉన్నదనుకొనరాదు. పుంగనూరు ఆవును ఎఱుగనివారు మనలో లేరు. సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్ల ఎత్తుగల చిన్న జాతి అది. పాలలో వెన్న హెచ్చు. ఈ జాతి బహుగా తగ్గిపోగా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రములో దానిని కాపాడుచు వచ్చిరి. ఇట్టి అరుదైన ఆవు కొనవలెనని ఒకడు వచ్చెననుకొనుడి. దళారి చెప్పునది ఇది: "మా దొడ్డిలోని పుంగనూరు ఆవులన్నియు చూడివే." కొనువాడు సంతోషించి బయానా ఇచ్చును. తీరా పోయి చూచినయెడల దొడ్డిలో పుంగనూరు ఆవు ఒకటియు లేదు. దళారి నవ్వుచు, "నేను అబద్ధమాడలేదు. చూడిది కాని పుంగనూరు ఆవు మా దొడ్డిలో ఒకటి చూపుము" అనును.

ఆశ్చర్యమేమనగా, నేటి తర్కశాస్త్రము అతని పక్షముననే ఉన్నది! "అన్నియు" అను మాటకు, అట్టివి ఒకటియు లేనప్పుడు, అడ్డుచెప్పుటకు ఉదాహరణ దొరకదు గనుక ఆ వాక్యము సత్యముగానే ఎంచబడును. అరిస్టాటిల్ నాటినుండి వచ్చిన పాత తర్కమైతే, అన్నియు అనినప్పుడు కొన్నియైనను ఉన్నవని తీసుకొనెను. దళారి నోరు క్రొత్త తర్కముతో పలికెను. కొనువాని చెవి పాత తర్కముతో వినెను. ఆ నోటికిని చెవికిని నడుమనున్న సందులోనే మోసము కూర్చుండెను. తర్కశాస్త్రము ఆ దళారిని విడిచిపెట్టవచ్చును గాని తొమ్మిదవ ఆజ్ఞ విడిచిపెట్టదు. మన మాట అవునంటే అవునుగా, కాదంటే కాదుగా ఉండవలెనని ప్రభువు ఆజ్ఞాపించినప్పుడు (మత్తయి 5:37), వాక్యము ఒక్కటే కాదు, వినువాడు దానినుండి నమ్మునది కూడ సత్యమై యుండవలెనని మనము గ్రహింపవలెను.

సంతనుండి రచ్చబండకు రండి. "ఎవరో అన్నారట" అని ఒక మాట పుట్టును. ఆ "ఎవరో" అనువాడు ఏ ఇంటివాడు? వానిని చూచినవాడు లేడు. అయినను ఆ ఎవరో చెప్పిన మాటమీద ఒక పడుచు పెండ్లి నిలిచిపోవును, ఒక పనివాని కూలి పోవును, ఇద్దరు అన్నదమ్ములు మాటలాడుకొనక పోవుదురు. కుందేటి కొమ్ము ఎవనిని పొడువదు గాని, లేని మనుష్యుని సాక్ష్యము బ్రదికియున్న మనుష్యుని పొడుచుచున్నది. కాబట్టి సంఘపెద్దలు తగవు తీర్చునప్పుడు మొదట అడుగవలసినది, "అన్నవాడెవడు? వానిని పిలువుడి" అనియే.

దేవుడను మాటయు ఈ నియమమునకు లోబడునా అని మీరు అడుగవచ్చును. అడుగదగినదే. దేవుడు లేడని హృదయములో అనుకొనువానిని 14వ కీర్తన బుద్ధిహీనుడన్నది. 11వ శతాబ్దమున ఆన్సెల్మ్ అను భక్తుడు ఆ వచనమునే పట్టుకొని, దేవుడనగా అంతకంటె గొప్పదానిని తలంప శక్యము కానివాడు. ఆ అర్థము గ్రహించినవాడు ఆయన ఉన్నాడని ఒప్పుకొనక తీరదని వాదించెను. గౌనిలో అను మరియొక సన్యాసి, అట్లయిన తలంపులోని మిక్కిలి శ్రేష్ఠమైన ద్వీపము కూడ సముద్రములో ఉండవలెను గదా అని బదులు చెప్పెను. ఆన్సెల్మ్ వాదము నిలుచునా అని నేటికిని పండితులు తర్కించుచున్నారు. మన సంఘముల విశ్వాసము ఆ వాదముమీద కట్టబడలేదు. అపొస్తలుడైన యోహాను తన మొదటి పత్రికను ఎట్లు ఆరంభించెనో చూడుడి: తాము వినినదానిని, కన్నులార చూచినదానిని, చేతులతో తాకినదానిని తెలియజేయుచున్నామనెను. పేరు చాలునని ఆయన అనలేదు. రెండవ సాక్షిని తెచ్చెను.

ఆరోగ్యవరములో ఎదురుచూచినది

ఇక రెండవ ముక్క. ఇప్పుడు లేనిదానిని గూర్చి తలంచుట వ్యర్థము కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములోని క్షయరోగుల ఆసుపత్రి 1915లో తెరువబడెను. అనేక మిషనులు కలిసి దానిని స్థాపించినవి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొడ్‌మోలర్ దానిని నడిపించెను. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోచ్ 1882లోనే కనుగొనెను. 1890లో అతడు మందు దొరికెనని ప్రకటింపగా లోకమంతయు సంతోషించెను గాని, అది రోగమును కుదుర్చలేదు. కాబట్టి ఆరోగ్యవరము తలుపులు తెరచిన దినమున "క్షయక్రిములను చంపు మందు" అను మాట ఉన్నది, మందు లేదు. ఆ మాట అప్పుడు కుందేటి కొమ్మువంటిదే. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము, ఊపిరితిత్తికి విశ్రాంతి కలుగునట్లు రొమ్ములోనికి గాలి ఎక్కించుట, ఇవియే అప్పటి వైద్యము.

స్ట్రెప్టోమైసిన్ అను మందు అమెరికాలో 1943లో కనుగొనబడెను. ఐసోనియజిడ్ 1952లో వాడుకకు వచ్చెను. 1915కును 1943కును నడుమ 28 సంవత్సరములు. ఆ కాలమంతయు వైద్యులు లేని మందును గూర్చి ఆలోచించుచునే యుండిరి. "అది క్రిమిని చంపవలెను, మనుష్యుని చంపకూడదు; రక్తముతో కూడ ఊపిరితిత్తులకు చేరవలెను" అని యోచించిరి. ఆ మాటలు అర్థములేనివా? వాటికి అర్థము లేనియెడల ఏమి వెదకవలెనో ఎవనికిని తెలియకపోవును, మందు చేతికి వచ్చినప్పుడు ఇదియే అది యని గుర్తింపనే లేకపోవుదురు. నేడు సాధారణమైన క్షయకు 6 నెలలు మందు తప్పక మ్రింగినయెడల స్వస్థత కలుగుచున్నది.

అయితే ఒకటి గమనింపుడి. ఆ 28 సంవత్సరములలో మందు ఉన్నదని రోగితో చెప్పుట అబద్ధమై యుండును. మందు ఎన్నటికిని రాదని చెప్పుటయు ఎవనికిని అధికారము లేని మాటయే. లేదని ఒప్పుకొనుచు, వెదకుచు, ఉన్నంతలో రోగికి సేవ చేయుట సత్యవంతుల మార్గము.

పుట్టకమునుపే పేరు

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. అబ్రాహాము నూరేండ్లకు సమీపించియుండెను, శారా తొంబది ఏండ్లకు సమీపించియుండెను. ఆ స్థితిలో దేవుడు వారికి కుమారుని వాగ్దానము చేసి, వానికి ఇస్సాకు అను పేరు కూడ ముందుగానే పెట్టెను. తర్కము కన్నుతో చూడుడి: ఆ దినమున ఇస్సాకు అను పేరున్నది, ఇస్సాకు లేడు. గొడ్రాలి కొడుకును లేనిదానికి ఉదాహరణగా పండితులు వాదములలో నిలిపిరి గదా. ఇక్కడ ఆ ఉదాహరణకే పేరు పెట్టబడెను! అబ్రాహాము నవ్వెను, తరువాత శారాయు నవ్వెను. ఇస్సాకు అనగా నవ్వు అనియే అర్థము.

పౌలు రోమీయులకు వ్రాయుచు ఈ సంగతినే ఎత్తి, దేవుడు లేనివాటిని ఉన్నవాటివలె పిలుచువాడని చెప్పెను. ఆ వెంటనే చెప్పినదానిని చాలమంది చదువక దాటిపోవుదురు. అబ్రాహాము తన శరీరము మృతతుల్యమైనదనియు, శారా గర్భము మృతమైనదనియు ఎఱిగియుండెను. లేనిదానిని ఉన్నదని అతడు బొంకలేదు. "ఇస్సాకు ఇప్పుడు లేడు" అను సత్యమును, "ఇస్సాకు పుట్టును" అను వాగ్దానమును రెంటిని ఒకే హృదయములో మోసెను. విశ్వాసమనగా తర్కమును గొంతు పిసుకుట కాదు. లేనిదానిని లేదని ఒప్పుకొనియే, పిలిచినవానిమీద ఆనుకొనుట.

గొడ్రాలి కొడుకు

మన ఊళ్లలో ఈ మాట తార్కికుల ఉదాహరణ మాత్రమే కాదు. అది కొళాయి దగ్గర ఒక స్త్రీమీద విసరబడు రాయి. సీమంతమునకు ఆమెను పిలువరు; ఉయ్యాల వేడుకలో బిడ్డను ఆమె చేతికి ఇయ్యరు; ప్రయాణమునకు ఎదురువస్తే ముఖము త్రిప్పుకొందురు. సంఘములో చేరినవారమైన మనలోను ఈ అలవాటు చావలేదు. కొడుకు లేడనునది సత్యమే కావచ్చును. అయితే లేనివాడు ఆ కొడుకు, ఆమె ఉన్నది. లేనివానిని గూర్చిన మాటను పట్టుకొని ఉన్నదానిని లేనిదానివలె చూచుట ఏ తర్కము? ఆకాశములో తామర లేనందున ఆకాశమునకు తక్కువేమి?

ఇంకొక వైపు మరియొక కీడున్నది. ఊరూరు తిరుగుచు, కానుక పుచ్చుకొని, "వచ్చు సంవత్సరము నీ ఒడిలో కుమారుడుండును, వానికి సమూయేలు అని పేరు పెట్టుము" అని చెప్పిపోవువారున్నారు. సంవత్సరము గడచును, ఆ పేరు మాత్రము ఆమె గుండెలో ముల్లువలె మిగులును. పైగా నీకు విశ్వాసము చాలలేదని నింద కూడ ఆమెకే వచ్చును. లేనివాటిని పిలువగలవాడు దేవుడొక్కడే. మనుష్యుడు పేరు పెట్టినంతనే మనిషి పుట్టడు. దేవుడు అబ్రాహాముతో చెప్పినది అబ్రాహాముతో చెప్పినదే. దానిని ప్రతి గడపలోను అమ్ముటకు మనకు అధికారపత్రము ఇయ్యబడలేదు. వైద్యునియొద్దకు భార్యాభర్తలిద్దరును పోవుట మంచిది, ప్రార్థించుట మంచిది, తల్లిదండ్రులులేని బిడ్డను చేరదీయుట మంచిది. దొంగ వాగ్దానము మాత్రము మంచిది కాదు.

ప్రియ చదువరులారా, యెషయా 56వ అధ్యాయములో, తాము ఎండిన చెట్టని తలంచుకొను సంతానహీనులకు దేవుడు చెప్పిన మాట ఒకటి కలదు. వారికి బిడ్డలు పుట్టుదురని అక్కడ చెప్పబడలేదు. కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరు తన మందిరములో వారికిత్తునని ఆయన చెప్పెను. ఆ పేరు లేనివారి పేరు కాదు. ఉన్నవారికే ఇయ్యబడిన పేరు. మన మందిరములో ఆ పేరు వారికి దక్కుచున్నదా?

తప్పిపోయిన కుమారుని ఊరడిగిన పిల్లలకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. అతడు ఉండెనో లేదో మనకు చెప్పబడలేదు, ఆ కథ సత్యమగుటకు అతడు ఉండనక్కరలేదు. ఎదురు పరుగెత్తి మెడమీద పడి ముద్దుపెట్టుకొను తండ్రి ఉన్నాడా లేడా అనునదియే ప్రశ్న. ఆ తండ్రి ఉన్నాడనుటకు సాక్ష్యము వేరుగా ఇయ్యబడినది. సువార్తలన్నియు ఆ సాక్ష్యమే. వచ్చు ఆదివారము మీ వీధిలో బిడ్డలులేని సహోదరిని మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ బిడ్డను ఆమె ఒడిలో ఉంచుడి. అప్పుడు మీ పిల్లలు ఆ తండ్రిని గూర్చి ఇంకొక సాక్ష్యమును కన్నులార చూతురు.

ప్రభువు మన నాలుకలను సత్యములోను, మన హృదయములను కనికరములోను స్థిరపరచును గాక. ఆమేన్.